గడియారం కరెక్టో కాదో దేన్ని చూసి చెబుతారు?

తుని_శ్రీను · శనివారం రాత్రి 8.52

నాన్నకి తునిలో ముప్పై ఏళ్లపాటు వాచీల రిపేరు కొట్టు ఉండేది. ఏ వాచీ బాగుచేసినా వెంటనే ఇచ్చేవారు కాదు. సాయంత్రం రేడియోలో వార్తల ముందు పిప్ పిప్ అని టైమ్ వస్తుంది కదా, దానికి కలిపి పెట్టేవారు. మర్నాడు మళ్లీ అదే పిప్పుకి ఎంత తేడా వచ్చిందో చూసి, అప్పుడు ఇచ్చేవారు.

నిన్న ఆయనకి ఒక వార్త చదివి వినిపించాను. ఆప్టికల్ క్లాక్ అని, వెలుతురు ఊగుడునే టిక్కుగా వాడే కొత్త రకం గడియారాలట. విశ్వం పుట్టిన రోజున మొదలుపెట్టి ఉంటే ఇవాళ్టికి ఒక్క సెకను కూడా తేడా వచ్చేది కాదట. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని ఒకటే అడిగారు: "దేనితో కలిపి చూశార్రా?"

నా దగ్గర జవాబు లేదు. 1,380 కోట్ల ఏళ్లు ఎవరూ కూర్చుని చూడలేదు. అంతకన్నా మంచి గడియారం లేనప్పుడు ఇది కరెక్టని ఎలా అంటారు? తెలిసినవాళ్లు చెప్పండి, ఆయనకి చదివి వినిపించాలి.

అడ్డప్రశ్న · 8.58

చెప్పేదీ వాళ్లే, కొలిచేదీ వాళ్లే. తప్పని నిరూపించడానికి మన దగ్గర గోడ గడియారమే ఉంది మరి.

గ్రూప్స్_గ్యారంటీ · 9.06

సెకను అంటే సీజియం-133 పరమాణువు నుంచి వచ్చే తరంగం 919,26,31,770 సార్లు ఊగడానికి పట్టే కాలం. 1967లో ఒప్పుకున్నారు. ఇది బిట్‌గా చదివేశాను. ఇప్పుడు మారుస్తారా ఏంటి? పరీక్ష అయ్యేదాకా ఆగమనండి.

నీలికాంతి · 9.47

శ్రీను గారూ, మీ నాన్నగారు అడిగింది ఈ రంగంలో అందరికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. నేను బయట దేశంలో ఒక లేజర్ లాబ్‌లో పనిచేస్తాను. గడియారం కట్టే టీమ్ కాదు, పక్క గదిలో వెలుగు ఊగుడుని కొలిచే కోంబ్ అనే పరికరం నడిపే పని. తెలిసినంత చెప్తాను.

ముందు ఆ 1,380 కోట్ల ఏళ్ల సంగతి. వాచీని టైమింగ్ మెషిన్ మీద అర నిమిషం పెడితే రోజుకి ఇన్ని సెకన్లు ఫాస్ట్ అని చూపిస్తుంది కదా. రోజంతా ఆగక్కర్లేదు. ఇదీ అంతే. కొన్ని గంటలు కొలిచి, తేడా ఎంత నిష్పత్తిలో ఉందో చూస్తారు. అమెరికాలో బౌల్డర్‌లో జిలా అని ఒక సంస్థ ఉంది (జిల్లా కాదు!). అక్కడ స్ట్రాన్షియం అనే లోహం పరమాణువులతో నడిచే గడియారానికి 2024లో చెప్పిన అనిశ్చితి (ఎంత తప్పి ఉండొచ్చన్న అంచనా) 8.1ని 10 పక్కన 18 సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చేంత. దాన్ని విశ్వం వయసుతో గుణిస్తే సెకనులో మూడో వంతు చిల్లర వస్తుంది. పేపరువాళ్లు రాసేది ఆ గుణకారమే.

ఇక దేనితో కలిపి చూశారంటే, ఇంకొకదానితో. ఒకేలాంటివి రెండు కట్టి పక్కపక్కన నడిపిస్తారు. రెండూ ఒకే తప్పు చేస్తే పట్టుబడదు కాబట్టి వేరే పరమాణువుతో మూడోది కడతారు. ఇంకో దేశంలో ఇంకొకరు కడతారు. ఇది ఒక సగం.

రెండో సగం అనుమానాల జాబితా. పరమాణువుని ఏమేం కదిలించగలవో ఒక్కొక్కటీ కొలుస్తారు. గది గోడల వేడి కూడా అందులో ఉంటుంది. మామూలు గది వేడికి స్ట్రాన్షియం ఫ్రీక్వెన్సీ 15వ దశాంశ స్థానంలో 5 చొప్పున జరిగిపోతుంది. గోడ వేడిని ఒక్క డిగ్రీ తప్పుగా అంచనా వేశారంటే 17వ స్థానంలో 7 తేడా. అందుకని పరమాణువుల చుట్టూ ఉన్న వేడి డిగ్రీలో డెబ్బయ్యో వంతుకన్నా బాగా తెలిసి ఉండాలి. అయస్కాంత క్షేత్రం, పరమాణువులు ఒకదాన్నొకటి ఢీకొనడం, వాటిని పట్టి ఉంచే లేజర్ వెలుగు, అన్నిటికీ ఇలాగే లెక్క. "ఇంత కచ్చితం" అంటే "మాకు తెలిసిన అనుమానాలన్నీ కలిపితే ఇంత" అని అర్థం. అడ్డప్రశ్న గారి అనుమానానికీ అందులో చోటుంది.

తుని_శ్రీను · 10.15

చదివి వినిపించాను. టైమింగ్ మెషిన్ మాట రాగానే నాన్న నవ్వారు. ఆయన తర్వాతి ప్రశ్న (టైప్ చేసేది నేనే): చక్రం వాచీలో బ్యాలెన్స్ వీల్ సెకనుకి ఐదారు సార్లు టిక్ అంటుంది, దాన్ని పళ్ల చక్రాలు ముల్లు దాకా తీసుకొస్తాయి. క్వార్ట్జ్‌లో రాయి సెకనుకి 32,768 సార్లు ఊగుతుంది, ఐసీ దాన్ని 15 సార్లు సగం చేసి ఒకటికి తెస్తుంది. మరి వెలుతురు ఊగే గడియారంలో చక్రం ఏది? వెలుతురుని లెక్కపెట్టే ఐసీ ఎవరు చేశారు?

నీలికాంతి · 11.02

ఆ ఐసీ నా టేబుల్ మీద ఉంది. అదే ఫ్రీక్వెన్సీ కోంబ్, అంటే దువ్వెన. మాస్టారికి నమస్కారాలు చెప్పండి, మా ప్రొఫెసర్లకన్నా సూటిగా అడిగారు.

అసలు చిక్కు అక్కడే ఉండేది. స్ట్రాన్షియం వెలుగు సెకనుకి 429 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది. సీజియం 919 కోట్లు ఎలక్ట్రానిక్స్‌కి అందుతుంది. దానికి 46 వేల రెట్లు పైన ఉన్నది ఏ సర్క్యూట్‌కీ అందదు. వెలుతురు మంచి లోలకం అని దశాబ్దాలుగా తెలుసు. టిక్కులు లెక్కపెట్టే దారే లేదు. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్‌లోని పీటీబీ (అక్కడి జాతీయ కొలతల సంస్థ) వాళ్లు 1996లో కాల్షియం ఎర్ర వెలుగు ఫ్రీక్వెన్సీని సీజియం దాకా తెగకుండా కలిపారు. ఎలాగంటే, ఒక లేజర్‌ని రెట్టింపు చేసి ఇంకో లేజర్‌తో పోల్చి, దాన్ని మళ్లీ గుణించి మరో దానితో పోల్చి, అలా గొలుసు. గదుల నిండా పరికరాలు. అదీ ఆ ఒక్క రంగుకే. ఇంకో రంగు కావాలంటే ఇంకో గొలుసు కట్టుకోవాలి.

కోంబ్ వచ్చి ఆ గొలుసుని ఒక టేబుల్ మీదకి తెచ్చింది. ఎలా పనిచేస్తుందంటే, ఇందులోని లేజర్ ఆగకుండా వెలగదు, టక్ టక్ టక్ అని మెరుస్తుంది. సెకనుకి 10 కోట్ల మెరుపులు అనుకోండి. ఒక్కో మెరుపు ఎంత పొట్టిదంటే, సెకనుని కోటి ముక్కలు చేసి, ఒక ముక్కని మళ్లీ పది కోట్ల ముక్కలు చేస్తే, అలాంటివి కొన్ని పదులు. మెరుపు పొట్టిదైన కొద్దీ అందులో ఎక్కువ రంగులు కలిసి ఉండాలి. మెరుపులు సరిగ్గా ఒకే ఎడంతో వస్తుంటే, ఆ ఎడంలో సరిపోయి కూర్చునే తరంగాలే మెరుపు మెరుపుకీ ఒకదానికొకటి బలమిస్తాయి. మిగతావి కొట్టుకుపోతాయి. అలా మిగిలిన రంగులు గీతలు గీతలుగా, 10 కోట్ల హెర్ట్జ్ ఎడంతో, లక్షల సంఖ్యలో నిలబడతాయి. దువ్వెన పళ్లలాగ. మెరుపుల వేగం ఎలక్ట్రానిక్స్‌తో కొలిచేదే. అది తెలిస్తే పళ్ల మధ్య ఎడం తెలిసినట్టే.

స్ట్రాన్షియం ఫ్రీక్వెన్సీ 42,92,28,00,42,29,873 హెర్ట్జ్. దువ్వెన సరిగ్గా సున్నా దగ్గర మొదలైందనుకుంటే, 42,92,280వ పన్ను 42,92,28,00,00,00,000 దగ్గర ఉంటుంది. గడియారం లేజర్‌ని ఆ పన్ను పక్కన పెడితే, రెంటి మధ్య తేడా 42,29,873 హెర్ట్జ్. అది మామూలు రేడియో ఫ్రీక్వెన్సీ! మార్కెట్లో దొరికే కౌంటర్ కొలిచేస్తుంది. 429 లక్షల కోట్లు ఎవరూ లెక్కపెట్టలేదు, ఎన్నో పన్నో తెలుసుకుని చిల్లర మాత్రం లెక్కపెట్టారు.

దీన్నే తిరగేసి, పన్నుని గడియారం లేజర్‌కి కట్టేస్తే, మెరుపుల వేగమే ఆ వెలుతురుని భాగించిన ఫలితం అవుతుంది. మీ ఐసీ 15 సార్లు సగం చేసినట్టు, ఇది ఒక్క దెబ్బకి దాదాపు 43 లక్షలతో భాగిస్తుంది.

వీణ_పాఠం · ఆదివారం ఉదయం 6.20

నేను సంగీతం టీచర్ని, సైన్సు పదో తరగతితో సరి. కానీ ఆ "తేడా" నాకు బాగా తెలుసు. రెండు తీగలు శ్రుతి కలుస్తూ కలుస్తూ కాస్త తక్కువైతే వూ వూ వూ అని ఊగుతూ వినిపిస్తుంది. ఆ ఊగుడు నెమ్మదించిన కొద్దీ శ్రుతి దగ్గరపడినట్టు. తీగ సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో నేను లెక్కపెట్టను, ఊగుడు వింటాను. మీరు చేసేది అదేనా?

ఒక సందేహం. "దువ్వెన సున్నా దగ్గర మొదలైందనుకుంటే" అన్నారు. మొదలవకపోతే? ఆధార షడ్జమే తెలియకుండా మిగతా స్వరాల మధ్య ఎడం తెలిసి ఏం లాభం?

నీలికాంతి · 7.35

టీచర్ గారూ, అదేనండి, ముమ్మాటికీ అదే. మేమూ ఆ ఊగుడునే వింటాం, చెవి బదులు వెలుగుని కరెంటుగా మార్చే ఫోటోడయోడ్ ఉంటుంది.

మీ సందేహమైతే పెద్ద పెద్దవాళ్లని ఏళ్లపాటు ఆపేసింది. దువ్వెన నిజంగానే సున్నా దగ్గర మొదలవదు. లేజర్ లోపల మెరుపు ఒక వేగంతో, దాని లోపలి తరంగం కొంచెం వేరే వేగంతో పోతాయి. దాంతో పళ్లన్నీ మూకుమ్మడిగా కొంత పక్కకి జరిగి ఉంటాయి. ఎంత జరిగాయో తెలియాలి.

జవాబు మీ దగ్గరే ఉంది. మధ్య స్థాయి షడ్జాన్ని రెట్టింపు చేస్తే తార షడ్జం రావాలి కదా. దువ్వెనలో ఎర్రటి వైపు ఒక పన్నుని తీసుకుని స్ఫటికంలోంచి పంపి రెట్టింపు చేస్తాం. దువ్వెనలోనే నీలం వైపు, సరిగ్గా రెట్టింపు నంబరు ఉన్న పన్ను ఇంకోటి ఉంటుంది. రెండూ కలిపి వింటాం. జరుగుడు లేకపోతే శ్రుతి కలవాలి. ఉంటే, రెట్టింపు చేసినదానిలో జరుగుడు కూడా రెండింతలైంది, రెండోదానిలో ఒక్కింతే ఉంది. తీసేస్తే మిగిలేది సరిగ్గా ఆ జరుగుడు. ఆ వూ వూ శబ్దమే జవాబు.

దీనికి దువ్వెన పూర్తి ఒక స్థాయి వెడల్పుండాలి. అంత వెడల్పు లేజర్ నుంచి నేరుగా వచ్చేది కాదు. 1999 ప్రాంతంలో బెల్ లాబ్స్‌వాళ్లు లోపల సన్నటి గాలి రంధ్రాలున్న ఒక గాజు ఫైబర్ చేశారు. ఒక వైపు కంటికి ఆనని మెరుపు పంపితే రెండో వైపు హరివిల్లంత వెలుగు వచ్చింది. 2000లో జిలాలో జాన్ హాల్ బృందం, జర్మనీ గార్షింగ్‌లో థియోడర్ హెన్ష్ బృందం దానితో పని పూర్తి చేశాయి. మరుసటి ఏడే బౌల్డర్‌లోని నిస్ట్‌లో (అమెరికా జాతీయ కొలతల సంస్థ) ఒకే ఒక్క పాదరసం అయాన్‌తో (విద్యుదావేశం ఉన్న పరమాణువు), కోంబ్ జోడించి, మొదటి పూర్తి ఆప్టికల్ గడియారం నడిచింది.

గ్రూప్స్_గ్యారంటీ · 7.41

2005 ఫిజిక్స్ నోబెల్: హాల్, హెన్ష్. కరెక్టా?

నీలికాంతి · 7.44

సగం బహుమతి వాళ్లిద్దరికీ, మిగతా సగం రాయ్ గ్లాబర్‌కి. మూడో పేరు మర్చిపోతే మార్కు పోతుంది.

అడ్డప్రశ్న · 8.30

దువ్వెన బాగుంది, ఒప్పుకున్నా. ఒక్క మాట మింగేశారు. పరమాణువే గడియారమా, లేజరే గడియారమా? ఒకసారి లేజర్ ఊగుతుంది అంటారు, ఇంకోసారి స్ట్రాన్షియం ఊగుతుంది అంటారు.

నీలికాంతి · 9.10

మంచి చురక. మాస్టారి కొట్టులోకే వెళ్దాం. అక్కడ రెండున్నాయి: రోజంతా నడిచే వాచీ, సాయంత్రం ఒకసారి వినిపించే రేడియో పిప్పు. వాచీ తనంతట తనే నడుస్తుంది, పిప్పు దాన్ని సరిదిద్దుతుంది. ఇక్కడ లేజర్ వాచీ, పరమాణువు పిప్పు.

లేజర్‌ని రెండు అద్దాల మధ్య గాజు దిమ్మలోనో, మైనస్ 149 డిగ్రీల దగ్గర ఉంచిన సిలికాన్ దిమ్మలోనో బంధిస్తారు. అద్దాల మధ్య దూరం ప్రోటాన్ సైజులో వందో వంతు కూడా మారకుండా కొన్ని సెకన్లపాటు నిలుస్తుంది. అంతకుమించి నిలవదు, మెల్లగా పక్కకి పోతుంది. అందుకని మధ్యమధ్యలో చల్లబరిచిన స్ట్రాన్షియం పరమాణువుల మీద ఆ వెలుగు వేసి చూస్తారు. రంగు సరిగ్గా కుదిరితే పరమాణువులు పై స్థితికి ఎగురుతాయి, తప్పితే ఎగిరేవి తగ్గుతాయి. ఎన్ని ఎగిరాయో చూసి లేజర్‌ని దారిలో పెడతారు.

పరమాణువులు కదలకుండా ఉండాలి. వాటిని ఇంకో లేజర్ వెలుగుతో చేసిన గుంటల్లో, గుడ్ల ట్రేలో గుడ్లు పెట్టినట్టు పెడతారు. ఆ వెలుగే పరమాణువుని చెదరగొడుతుందిగా? టోక్యోలో హిదెతోషి కటోరి 2001లో ఒక ఉపాయం చెప్పాడు: ఒక ప్రత్యేకమైన రంగు ఎంచుకుంటే కింది స్థితి, పై స్థితి రెండూ సమానంగా జరుగుతాయి, తేడా అలాగే ఉంటుంది. స్ట్రాన్షియంకి అది 813 నానోమీటర్లు. నన్నడిగితే ఈ మొత్తం కథలో కోంబ్ తర్వాత అందమైన ఆలోచన ఇదే.

సర్వే_గొలుసు · 11.25

రిటైరైన సర్వేయర్ని. ఒక సభలో విన్నాను, ఈ గడియారాలతో ఎత్తులు కొలవచ్చని. జిలావాళ్లు 33 సెంటీమీటర్ల ఎత్తు తేడాని గడియారంతో పట్టారట. మా బతుకంతా లెవెలింగ్ స్టాఫ్ పట్టుకుని గడిచింది, ఇది విని ఒక రాత్రి నిద్ర పట్టలేదు.

మా కష్టం బయటివాళ్లకి తెలియదు. ఎత్తు అంటే ఎక్కడి నుంచి ఎత్తు? సముద్ర మట్టం అంటాం. ఏ సముద్రం? జర్మనీ, స్విట్జర్లాండ్ సరిహద్దులో లౌఫెన్‌బర్గ్ దగ్గర రైన్ నది మీద రెండు వైపుల నుంచీ వంతెన కట్టుకొచ్చారు. ఒకరి సున్నా ఉత్తర సముద్రం, ఇంకొకరిది మధ్యధరా. రెంటికీ 27 సెంటీమీటర్లు తేడా. ఆ సంగతి అందరికీ ముందే తెలుసు, సరిచేశారు కూడా. కాకపోతే ప్లస్ చేయాల్సిన చోట మైనస్ చేశారు. 54 సెంటీమీటర్లు తేడా వచ్చి కూర్చుంది! 2003 నాటి మాట. మా జూనియర్లకి ఈ కథ చెప్పకుండా ఎవరినీ ఫీల్డుకి పంపేవాణ్ణి కాదు.

స్టాఫ్ పెట్టి, లెవెల్ చూసి, ముందుకి జరిగి, మళ్లీ పెట్టి, అలా వందల కిలోమీటర్లు. ప్రతి మజిలీలో చిన్న తప్పు, అది కూడుకుంటూ పోతుంది. గడియారం అయితే రెండు ఊళ్ల మధ్య ఫైబర్ వేసి నేరుగా అడగొచ్చు. నిజంగా అయ్యే పనేనా?

నీలికాంతి · మధ్యాహ్నం 12.40

సార్, చిన్న సవరణ. 33 సెంటీమీటర్లది జిలా కాదు, అదే ఊళ్లోని నిస్ట్, 2010లో, అల్యూమినియం అయాన్ గడియారాలతో. జిలా చేసింది 2022లో: ఒకే గుంపులోని పరమాణువుల్లో పైవాటికీ కిందివాటికీ మధ్య, మిల్లీమీటరు ఎత్తులో, కాలం తేడా చూశారు.

కిందికంటే పైన కాలం కొంచెం ఫాస్ట్. మీటరుకి 16వ దశాంశ స్థానంలో ఒకటి చొప్పున. సెంటీమీటరుకైతే 18వ స్థానంలో. గడియారం 18వ స్థానానికి చేరింది కాబట్టి సెంటీమీటరు కనిపిస్తుంది, అంతే.

అయ్యే పనేనా అంటే, అవుతోంది, కానీ మొదట్లో మీరే గెలిచారు. పీటీబీవాళ్లు ఒక గడియారాన్ని ట్రైలర్‌లో ఎక్కించి ఆల్ప్స్ కొండల్లోని మోదాన్ సొరంగం లాబ్‌కి తీసుకెళ్లి, ఇటలీలోని తూరిన్‌తో పోల్చారు. ఎత్తు తేడా వెయ్యి మీటర్లు. 2018లో ఫలితం వచ్చింది, సర్వే లెక్కతో సరిపోయింది. కానీ గడియారం వైపు అనిశ్చితి పదిహేను ఇరవై మీటర్లు! సర్వేది మీటరు లోపు. టోక్యోలో కటోరి బృందం తర్వాత బాగా మెరుగుపరిచింది. టోక్యో స్కైట్రీ టవర్ కింద ఒకటి, 450 మీటర్ల పైన ఇంకొకటి పెట్టి, 2020లో ప్రచురించారు.

ఫైబర్ సంగతి: పారిస్, బ్రౌన్‌ష్వైగ్ మధ్య 1,415 కిలోమీటర్ల ఫైబర్ మీద గడియారాలని పోల్చారు. మామూలు ఫైబర్ లారీ వెళ్లినా, ఎండ కాసినా సాగి ముడుచుకుంటుంది. వెలుగుని అటు పంపి, కొంత వెనక్కి రప్పించి, ఎంత చెదిరిందో చూసి సరిచేస్తారు.

ఏడుకొండల_బాటసారి · 1.05

అంటే తిరుపతిలో కంటే తిరుమలలో కాలం ఫాస్ట్‌గా నడుస్తుందా? క్యూలో నిలబడినప్పుడు నాకలా అనిపించలేదే!

సర్వే_గొలుసు · 1.30

ఎత్తు తేడా 700 మీటర్లు అనుకోండి. నీలికాంతి గారి లెక్క ప్రకారం రోజుకి దాదాపు ఆరున్నర నానోసెకన్లు. వెలుగు అంతలో రెండు మీటర్లు పోతుంది. క్యూ అంత కూడా కదలదు.

రాకెట్_రాజు · 3.15

శ్రీహరికోటలో 2023 మే 29న ఎన్‌వీఎస్-01 ఎగిరింది కదా, నేను గ్యాలరీలో కూర్చుని చూశాను. అందులో మన దేశంలో చేసిన రుబీడియం గడియారం ఉంది. అంతకుముందు నావిక్ (జీపీఎస్ లాంటి మన వ్యవస్థ) ఉపగ్రహాల్లో దిగుమతి గడియారాలు కొన్ని పాడై ఇబ్బంది పెట్టాయి, కాబట్టి మనకది పెద్ద మెట్టు. నావిగేషన్‌లో నానోసెకను తప్పితే 30 సెంటీమీటర్లు తప్పినట్టే. మరి ఆప్టికల్ క్లాక్ ఉపగ్రహంలో పెడితే నా ఫోన్ మ్యాప్ ఇంకా కరెక్టుగా ఉంటుందా?

నీలికాంతి · 4.00

నిజం చెప్పాలంటే, ఫోన్‌కి పెద్దగా ఉండదు. మీ ఫోన్ తప్పులో ఎక్కువ భాగం పైన అయనోస్ఫియర్ వల్లా, బిల్డింగులకి తగిలి వచ్చే సిగ్నల్ వల్లా. రుబీడియం చాలు. ఇప్పటికే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలకి రోజుకి 38 మైక్రోసెకన్ల సాపేక్షతా సవరణ చేస్తున్నారు. అది మానేస్తే రోజు తిరగకుండా కిలోమీటర్లు పక్కకి పోతాయి.

మన దగ్గర జాతీయ కాలం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీజియం గడియారాలు, హైడ్రోజన్ మేజర్లతో (హైడ్రోజన్ పరమాణువులతో నడిచే మైక్రోవేవ్ గడియారాలు) చూసుకుంటుంది. పుణెలో ఐయూకా అనే ఖగోళ శాస్త్ర సంస్థ లాబ్‌లో ఇటర్బియం అయాన్‌తో ఆప్టికల్ గడియారం మీద పని జరుగుతోంది.

తుని_శ్రీను · 4.20

మధ్యలో చిన్న గర్వం, క్షమించాలి. భారత ప్రామాణిక సమయానికి లెక్క అయిన 82.5 డిగ్రీల రేఖ మా తుని పక్కనుంచే పోతుంది. నాన్న కొట్టులో ఆ మాట కస్టమర్లందరికీ చెప్పేవారు: "మా ఊళ్లో సూర్యుడికీ వాచీకీ తగాదా ఉండదు" అని.

సర్వే_గొలుసు · 4.31

ఏడాదిలో నాలుగు రోజులే ఉండదు లెండి. మిగతా రోజుల్లో పావు గంట దాకా అటూ ఇటూ అవుతుంది. భూమి కక్ష్య గుండ్రం కాదు, ఇరుసు వంకర. మీ నాన్నగారితో గొడవ నాకెందుకు గానీ.

అడ్డప్రశ్న · 5.10

అసలు ప్రశ్నకి వద్దాం. సెకను అంటేనే సీజియం అని చట్టం. సీజియం 16వ స్థానం దగ్గర ఆగిపోతుంది. స్ట్రాన్షియం 18వ స్థానం దాకా పోతుంది అంటారు. కిలో బాట్టు కంటే కచ్చితమైన బియ్యం ఉందన్నట్టుంది! బాట్టు తప్పయితే బియ్యం తూకం ఎలా తెలిసింది?

నీలికాంతి · 6.25

ఈ చర్చ మొత్తంలో నాకు నచ్చిన ప్రశ్న ఇది. పైన నేనిచ్చిన స్ట్రాన్షియం అంకె చూడండి, 15 అంకెల దగ్గర ఆపేశాను. బద్ధకం కాదు. హెర్ట్జ్ అంటే "సెకనుకి", సెకను అంటే సీజియం. కాబట్టి హెర్ట్జ్‌లో రాసినంతకాలం సీజియం కంటే మెరుగ్గా రాయడం కుదరదు. బాట్టు అంతే.

కానీ రెండు బియ్యం సంచులని త్రాసులో ఎదురెదురుగా పెడితే బాట్టు అక్కర్లేదు. కోంబ్ ఆ త్రాసు. ఒకే దువ్వెనలో ఒక పన్నుని స్ట్రాన్షియంకి, ఇంకో పన్నుని ఇటర్బియంకి ఆనిస్తే, రెంటి నిష్పత్తి నేరుగా వస్తుంది. నిష్పత్తికి సెకను అక్కర్లేదు, సీజియం అక్కర్లేదు. బౌల్డర్‌లో అల్యూమినియం, ఇటర్బియం, స్ట్రాన్షియం మూడింటినీ ఇలా పోల్చి, 2021లో 18 అంకెల దాకా నిష్పత్తులు ఇచ్చారు. నిస్ట్‌కీ జిలాకీ మధ్య 3.6 కిలోమీటర్ల ఫైబర్ ఉంది. అది కాక ఊరి మీదుగా గాల్లోనే కిలోమీటరున్నర దూరం కోంబ్ మెరుపులు పంపి కూడా చూశారు.

శ్రీను గారి నాన్నగారికి అసలు జవాబు ఇదే అనుకుంటాను: పాత గడియారంతో కలిపి చూడలేదు, కొత్తవాటినే ఒకదానితో ఒకటి కలిపి చూశారు.

అందుకే నిర్వచనం మార్చాలంటున్నారు. 2022లో తూనికలు కొలతల ప్రపంచ సభలో దారి వేశారు, 2030లో మారొచ్చని అంచనా. ఏ పరమాణువుకి ఓటు వేయాలన్నది తేలలేదు. కొందరు ఒకటే ఎంచుకోమంటారు, కొందరు చాలావాటిని కలిపి సగటు నిర్వచనం చేద్దామంటారు. నాకు మొదటిదే ఇష్టం. సగటు ఎంత న్యాయమైనా, పిల్లలకి పాఠంలో చెప్పలేని సెకను నాకు నచ్చదు. అల్యూమినియంవాళ్లు 2025లో 5.5 దగ్గరికి (అదే 19వ స్థానంలో) వచ్చేశారు కాబట్టి రేసు ఇంకా నడుస్తోంది. ఈలోగా 2024లో అతినీలలోహిత కోంబ్‌తో థోరియం-229 కేంద్రకం ఫ్రీక్వెన్సీనే కొలిచి స్ట్రాన్షియంతో పోల్చారు. పరమాణువు కాదు, దాని మధ్యలో ఉన్న కేంద్రకం! రేపు అది వచ్చి వీళ్లందరినీ పక్కకి నెట్టినా ఆశ్చర్యం లేదు.

గ్రూప్స్_గ్యారంటీ · 6.31

2030. అయితే నా పరీక్షకి సీజియమే. హమ్మయ్య, టెన్షన్ పోయింది.

తుని_శ్రీను · రాత్రి 9.15

అంతా చదివి వినిపించాను, గంటన్నర పట్టింది. త్రాసు మాట దగ్గర "అద్గదీ" అన్నారు. పడుకోబోతూ చివరి ప్రశ్న ఇచ్చారు: ఈ గడియారానికి ఎన్నాళ్లకోసారి కీ ఇవ్వాలి? ఆగిపోతే టైమ్ ఎవరు చూస్తారు?

నీలికాంతి · 9.50

ఆగిపోతుందని ఆయనకి ఎలా తెలిసింది! బయటివాళ్లెవరూ అడగని ప్రశ్న ఇది. ఆగిపోతుందండి. ఒక గడియారంలో లేజర్లు చాలా ఉంటాయి, ఒక్కటి దారి తప్పినా గడియారం నిలిచిపోతుంది. తలుపు గట్టిగా వేసినా చాలు ఒక్కోసారి. అందుకని ఎక్కువచోట్ల హైడ్రోజన్ మేజర్ ఆగకుండా నడుస్తూ టైమ్ మోస్తుంది, ఆప్టికల్ గడియారం నడిచినన్ని గంటలు దాన్ని సరిదిద్దుతుంది. మళ్లీ వాచీ, పిప్పు కథే. నెలల తరబడి ఆగకుండా నడిచి, ప్రపంచ కాలానికి క్రమం తప్పకుండా లెక్కలు పంపగలగాలన్నది కూడా కొత్త నిర్వచనానికి పెట్టిన షరతుల్లో ఒకటి.

కీ ఇవ్వడం సంగతంటారా, ఇప్పుడే పక్క గదివాళ్లు మెసేజ్ పెట్టారు. 813 లేజర్ లాక్ తప్పిందట. మిగతా ప్రశ్నలుంటే రాసి ఉంచండి, వెళ్లొచ్చి చూస్తాను.

తుని_శ్రీను · 9.58

నాన్న అంటున్నారు, ముందు తలుపు మెల్లగా వేయమని చెప్పండి అని.